నేలమీది పొలుసులు: ఒక సవరణ

పోయిన నెల ఇదే శీర్షికలో ఒక తప్పు రాశాను. ముందు అది ఒప్పుకుని, తర్వాత మిగతా సంగతి చెబుతాను.

టూసాన్‌కి తూర్పున మా మిత్రుడొకరు కొనుక్కున్న ఐదెకరాల ఎడారి స్థలం గురించి రాశాను, గుర్తుండే ఉంటుంది. అక్కడ క్రియోసోట్ పొదల మధ్య ఖాళీ నేల మీద చింతగింజ రంగులో చిన్న చిన్న పొలుసులు పరుచుకుని ఉన్నాయని, అది లైకెన్ అని, దాని పేరు ప్లాసిడియం స్క్వామ్యులోసమ్ అని రాశాను. లైకెన్ అన్నది నిజం. పొలుసులన్నదీ నిజం. పేరు తప్పు.

తప్పు పట్టుకున్నది మా మాస్టారు. గుంటూరులో ఇంటర్మీడియట్‌లో మాకు వృక్షశాస్త్రం చెప్పారు. ఇప్పుడు ఎనభై దాటాయి. కంటి మధ్యభాగంలో చూపు పోయి నాలుగేళ్ళవుతోంది. ఈ బ్లాగుని ఆయనకి మనవరాలు చదివి వినిపిస్తుంది. వ్యాసం వచ్చిన మూడో రోజు ఫోను చేశారు. కుశలప్రశ్నలేం లేవు.

"ఏమోయ్, స్పోర్లు చూశావా?"

"లేదండీ. లెన్సుతో చూశాను. పుస్తకంలో బొమ్మలతో పోల్చుకుని..."

"అంటే చూడలేదు. మరి పేరెలా పెట్టావ్?"

నేనేం మాట్లాడలేదు. ఆయన గొంతు కొంచెం తగ్గించి, "నేనెలాగూ చూడలేను. నువ్వు చూసి నాకు చెప్పు," అని పెట్టేశారు.

అలా మొదలైంది ఈ నెల పని.

లైకెన్ అంటే తెలియనివాళ్ళు మనలో తక్కువే, తెలుసని తెలియకపోవచ్చు గానీ. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం చేస్తే ఏర్పడే శరీరం అది. ఇల్లు కట్టేది శిలీంధ్రం, వంట చేసేది శైవలం అని మాస్టారు క్లాసులో చెప్పేవారు. రాతి మీదా చెట్టు బెరడు మీదా పెరిగేవి అందరికీ కనబడతాయి. నేల మీద పెరిగేవి మాత్రం కాలి కింద పడేదాకా కనబడవు. ఈ ఎడారిలో పొదకీ పొదకీ మధ్య ఖాళీగా కనిపించే నేల నిజానికి ఖాళీ కాదు. సయానోబాక్టీరియాల జిగురు పోగులు ఇసుక రేణువుల్ని కుట్టి పెడతాయి. దాని మీద లైకెన్లు, నాచులు చేరి ఒక పెచ్చు కడతాయి. గాలికి మట్టి లేవకుండా, వానకి కొట్టుకుపోకుండా ఆ పెచ్చే కాపాడుతుంది. ఒక్క బూటు అడుగుతో అది పొడవుతుంది. అందులోని లైకెన్లు తిరిగి రావాలంటే దశాబ్దాలు పట్టొచ్చు.

అందుకే నమూనా తీసుకోవడానికి నాకు చెయ్యి రాదు. నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా రాయి ముక్క కూడా తియ్యకూడదు. ఇది మిత్రుడి సొంత స్థలం కాబట్టి ఆయన్ని అడిగి, జనవరిలో వాన పడ్డ మర్నాడు వెళ్ళి, వాగు కోత పెట్టి ఎలాగూ విరిగిపడబోతున్న అంచు నుంచి బొటనవేలి గోరంత ముక్క చాకుతో లేపి, అగ్గిపెట్టెలో పెట్టుకుని తెచ్చాను. ఎండు నేల కన్నా తడి నేల మీద లైకెన్ని చూడటం తేలిక. ఎండినప్పుడు గోధుమరంగులో మట్టిలో కలిసిపోయేది, తడిస్తే పైపొర పారదర్శకమై లోపలి శైవలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. పొలుసులు ఒక్కొక్కటీ రెండు మూడు మిల్లీమీటర్లు. వాటి మీద సూదితో గుచ్చినట్టు నల్ల చుక్కలు.

ఆ నల్ల చుక్కలే అసలు విషయం.

లైకెన్‌లో పండు కట్టేది శిలీంధ్రమే. ఆ పళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పళ్ళెంలా విచ్చుకుని ఉంటుంది, స్పోర్లు పుట్టే పొర పైకే కనబడుతుంది. రెండోది కూజాలా ఉంటుంది, ఒళ్ళంతా పొలుసులో పూడుకుపోయి మూతి మాత్రమే పైకి తేలుతుంది. ఆ మూతే మనకి నల్ల చుక్కగా కనబడేది. నా పొలుసుల్లో ఉన్నవి కూజాలే అనుకున్నాను. దాంతో ఈ ఎడారి నేలల్లో మామూలుగా దొరికేవి కొన్ని వెంటనే పక్కకి పోయాయి. సోరా డెసిపియన్స్ అయితే ఇటుక రంగు పొలుసు, తెల్లటి అంచు, పక్కనే నల్ల బొత్తాంలాంటి పళ్ళెపు పండు ఉండాలి. అది కాదు. టోనీనియా అయితే బూడిద చల్లినట్టు నీలం డాలులో ఉబ్బెత్తుగా ఉండాలి. కాదు. కొలీమా కుటుంబంవైతే నల్లగా ఉండి తడిస్తే జెల్లీలా ఉబ్బాలి. అదీ కాదు.

గోధుమరంగు పొలుసు, కూజా పండు, ఎడారి నేల అనగానే పుస్తకంలో మొదట తగిలేది ప్లాసిడియం. ఈ ప్రాంతంలో బాగా మామూలుగా దొరికేదీ అదే. అందుకే ఆగిపోయాను. మామూలుగా దొరికేదే మన చేతిలో ఉన్నదీ అనుకోవడం ఎంత సుఖమో! రోడ్డు మీద ఒకాయన్ని వెనకనుంచి చూసి "ఏం బాబాయ్" అని భుజం తట్టడం లాంటిదది. చాలాసార్లు బాబాయే అవుతాడు.

రసాయన పరీక్షలు చెయ్యొచ్చు కదా అని అడిగారొక పాఠకురాలు. లైకెన్ మీద పొటాష్ చుక్కో బ్లీచు చుక్కో వేసి రంగు మారుతుందేమో చూడటం 1866 నుంచీ ఉన్న పద్ధతే. పారిస్‌లో ఉన్న ఫిన్లాండ్ శాస్త్రజ్ఞుడు విలియం నైలాండర్ దాన్ని వాడుకలోకి తెచ్చారు. నేనూ వేసి చూశాను. ఏ రంగూ రాలేదు. ఈ కూజాల కుటుంబం మొత్తంలో రంగు తెచ్చే ఆమ్లాలు సాధారణంగా ఉండవు. అంటే ఆ పరీక్ష వచ్చినవాణ్ణి ఫలానా కుటుంబం వాడనగలదు గానీ, పేరేంటో చెప్పలేదు.

మిగిలింది స్పోర్లు. చెయ్యాల్సిన పని రాసిపెట్టుకున్నాను.

పెల్టులా అయితే ఒక్కో సంచిలో పదుల కొద్దీ, ఒక్కోసారి వందకి పైగా, చిట్టి స్పోర్లు ఉండాలి. దాని పండు పళ్ళెపు జాతే అయినా నోరు చిన్నది కాబట్టి కూజా అని పొరబడటం సులువు. లోపలి శైవలం నీలి ఆకుపచ్చగా ఉండాలి. ప్లాసిడియం అయితే సంచికి ఎనిమిది స్పోర్లు. రంగు లేకుండా, గోడల్లేకుండా, ఒకే గదిగా, బియ్యపు గింజలా. ఎండోకార్పన్ అయితే సంచికి రెండే స్పోర్లు. పెద్దవి, గోధుమరంగుకి తిరిగేవి, లోపల అడ్డగోడలూ నిలువుగోడలూ ఉన్నవి. పై నుంచి చూస్తే మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి.

మొదటి రోజు ఏమీ దొరకలేదు. ఒక పొలుసు నానబెట్టి, గడ్డం గీసుకునే బ్లేడుతో నల్ల చుక్క మీదుగా నిలువునా కోసి, నీటిచుక్కలో పెట్టి, పైన గాజు పలక మూసి మెల్లగా నొక్కాను. కూజా ఉంది, గోడ ఉంది, లోపల ఖాళీ. బహుశా ముందే విడిచిపెట్టేసింది. రెండో పొలుసు ఇంకా పక్వానికి రానిది. సంచులు ఉన్నాయి, వాటిలో గింజలు లేవు. కానీ శైవలం పసిమి ఆకుపచ్చలో ఉంది, నీలి కాదు. దాంతో పెల్టులా పోయింది.

మూడో పొలుసుకి స్పోర్లు దొరికాయి.

మాస్టారికి ఫోను చేసి, చెవి దగ్గర ఫోను, కంటి దగ్గర మైక్రోస్కోప్ పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, ఇక్కడ పొద్దున్న తొమ్మిది.

"ఎన్నున్నాయి సంచిలో?"

"రెండండీ."

"సరిగ్గా చూడు. ఎనిమిది ఉండాలి. క్షయకరణ విభజన, ఆ తర్వాత ఒక సమవిభజన. నాలుగు, ఎనిమిది. చెప్పానా లేదా?"

"చెప్పారండీ. కానీ ఇక్కడ రెండే. నాలుగు సంచులు చూశాను. అన్నిట్లోనూ రెండే."

కాసేపు నిశ్శబ్దం. "కానియ్. రంగు?"

"లేత గోధుమ. ముదిరినవి ఇంకొంచెం ముదురు. మన టీ డికాక్షన్ పల్చగా..."

"పోలికలు తర్వాత. కొలతలు చెప్పు."

నా కంటికటకంలో వంద గీతల స్కేలు ఉంది. నలభై రెట్ల కటకం కింద ఒక్కో గీత రెండున్నర మైక్రాన్లు. ఇరవై స్పోర్లు కొలిచాను. పొడవు పద్నాలుగు గీతల నుంచి పదిహేడు, వెడల్పు ఆరేడు. అంటే 35 నుంచి 42 మైక్రాన్ల పొడవు, 15 నుంచి 17 వెడల్పు. ప్లాసిడియం స్పోరు అయితే నా స్కేలు మీద ఐదారు గీతలకి మించకూడదు.

"లోపల?"

ఇక్కడ నాకు మాట చిక్కలేదు. మైక్రోస్కోపులో లోతు మార్చేకొద్దీ ఒక గీత పోయి ఇంకో గీత వస్తుంది. అడ్డంగా ఆరో ఏడో. వాటి మధ్య నిలువుగా ఇంకొన్ని, ఒకదాని కింద ఒకటి రాకుండా తప్పుకుని. చూస్తున్నవాడికి అర్థమవుతుంది. చూడలేనివాడికి చెప్పాలంటే?

"ఇటుకలండీ. సున్నం వెయ్యని గోడలో ఇటుకలు పేర్చినట్టు."

"గోడ!" అన్నారాయన. నలభై ఏళ్ళ క్రితం క్లాసులో మేము సరైన జవాబు చెప్పినప్పుడు బల్ల మీద చాక్‌పీసుతో కొట్టిన చప్పుడులా ఉంది ఆ మాట. "మ్యూరిఫార్మ్. మ్యూరస్ అంటే లాటిన్‌లో గోడే. ఇక నీ ప్లాసిడియం లేదు. ఇంకేం కనబడుతోంది?"

ఇంకేం లేదని చెప్పబోయాను. నిజానికి ఒకటి ఉంది. సంచుల మధ్య చిన్న చిన్న పచ్చటి గుళ్ళు. కోసినప్పుడు పైపొర నుంచి బ్లేడుకి అంటుకుని లోపలికి జారిన శైవలం అయ్యుంటుందనుకుని వాటిని లెక్కలోకి తీసుకోలేదు. నా పని శుభ్రంగా లేదని మాస్టారికి తెలియడం ఇష్టంలేక చెప్పలేదు కూడా. కానీ ఆయన ఊరుకోరు. చెప్పాను.

"బ్లేడు కడిగి మళ్ళీ కొయ్యి," అన్నారు. "కూజాని విడిగా తీసి చూడు. రేపు చెయ్యి ఫోను."

మర్నాడు కొత్త బ్లేడు తీసుకుని, పొలుసు చుట్టూ ఉన్నదంతా సూదితో తప్పించి, కూజాని ఒక్కదాన్నే బయటికి తీశాను. రెండు నీటిచుక్కల్లో కడిగి మూడో చుక్కలో చిదిపాను. పచ్చటి గుళ్ళు అక్కడే ఉన్నాయి. అంతేకాదు, పక్కన ఇంకో స్లైడు మీద పొలుసు శరీరంలోని శైవలాన్ని పెట్టి పోల్చితే, కూజా లోపలివి అంతకన్నా చిన్నవి. బ్లేడు మోసుకొచ్చినవైతే రెండూ ఒకే కొలతలో ఉండాలి. ఇవి అక్కడే కాపురం ఉంటున్నవి.

పొలుసు అడుగు కూడా అప్పుడే తిరగేసి చూశాను. మొదటి రోజే చూడాల్సిన పని. నల్లగా ఉంది, నల్లటి వేళ్ళలాంటి పోగులతో మట్టిని పట్టుకుని ఉంది. అడుగు లేతగా ఉండే దగ్గరి బంధువులు వేరే ఉన్నాయి. సంచికి రెండు స్పోర్లు, ఇటుకగోడ, కూజాలో శైవలం అన్నవి ఎండోకార్పన్ ప్రజాతిని నిర్ధారిస్తే, నల్లటి అడుగూ, పోగులూ, కొలతలూ కలిపి ఎండోకార్పన్ పుసిల్లమ్ దగ్గరికి తెచ్చాయి. 1789లో హెడ్విగ్ పెట్టిన పేరు. ఎండోకార్పన్ అంటే లోపలి పండు. పుసిల్లమ్ అంటే చిట్టిది. పేరులోనే చెప్పాడు మహానుభావుడు, పండు లోపల చూడమని.

"స్టాల్ సంగతి చదువు," అన్నారు మాస్టారు ఇదంతా విని. చదివాను.

1867లో సైమన్ ష్వెండెనర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు లైకెన్ ఒక మొక్క కాదు, రెండు జీవులని ప్రకటించాడు. శిలీంధ్రం యజమాని, శైవలం బానిస అన్నట్టుగా చెప్పాడు. లైకెన్లని జీవితమంతా చదివినవాళ్ళకి అది మింగుడుపడలేదు. తమ మొక్కలకి సొంత అస్తిత్వమే లేదన్నట్టయింది. పైన చెప్పిన నైలాండర్ దాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. తేల్చాలంటే ఒకటే మార్గం. శిలీంధ్రాన్నీ శైవలాన్నీ విడివిడిగా తీసుకుని, కలిపి పెంచి, లైకెన్ తయారుచేసి చూపించాలి. చిక్కల్లా ఏ శైవలం ఎక్కడ దొరుకుతుందన్నదే. బయట మట్టిలోంచి తీసుకుంటే అది సరైనదో కాదో ఎవరు చెప్పాలి?

1877లో ఎర్న్‌స్ట్ స్టాల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎంచుకున్నది ఈ ఎండోకార్పన్ పుసిల్లమ్‌నే. దీని కూజాలో స్పోర్లతో పాటు శైవలం కూడా ఉంటుంది కదా. స్పోర్లు బయటికి చిమ్మినప్పుడు ఆ పచ్చటి గుళ్ళు కూడా వాటితో పాటు వచ్చి పడతాయి. మొలకెత్తిన స్పోరు పోగులు పక్కనే ఉన్న గుళ్ళని చుట్టుకుంటాయి. స్టాల్ ఆ రెంటినీ పట్టి పెంచితే పొలుసులు వచ్చాయి, వాటి మీద మళ్ళీ కూజాలూ వచ్చాయి. స్పోరు నుంచి స్పోరు దాకా. వాదం ఆ రోజుతో ఆగిపోలేదు గానీ ష్వెండెనర్ పక్షానికి అంత గట్టి సాక్ష్యం ఇచ్చింది నేను పొరపాటు పేరు పెట్టిన ఈ పొలుసే.

చాలా లైకెన్లలో స్పోరు ఒంటరిగా బయల్దేరుతుంది. గాలి ఎక్కడ దింపితే అక్కడ సరిపడే శైవలం దొరకాలి. దొరకకపోతే అక్కడితో సరి. కొన్ని లైకెన్లు ఆ ఇబ్బంది లేకుండా శరీరంలోంచే రెండూ కలిసి ఉన్న పొడిని రాలుస్తాయి. ఇది మాత్రం స్పోరుని పంపుతూ పక్కన కాస్త శైవలాన్నీ కట్టి పంపుతుంది. మొదటిసారి విమానం ఎక్కినప్పుడు మా అమ్మ పెట్టెలో సర్దినవన్నీ నాకు గుర్తొచ్చాయి. మాస్టారికి చెబితే, "అమ్మ పంపింది, సరే. అది నీకు సరిపడిందా లేదా అన్నది వేరే ప్రశ్న," అన్నారు. ఆయన పోలికల్ని ఎప్పుడూ నమ్మలేదు.

ఇక అసలు సవరణ. మిత్రుడి భార్య, మా చెల్లెమ్మ, ఆదివారం తెలుగు బడి పిల్లల్ని ఆ స్థలానికి తీసుకెళ్ళి, నా వ్యాసం చూసి, చెక్క పలక మీద పేరు రాయించి అక్కడ పాతించింది. పైన తెలుగులో "ఇక్కడ నడవొద్దు", కింద "ప్లాసిడియం". ఎనిమిదేళ్ళ పిల్ల రాసిన ముత్యాల్లాంటి అక్షరాలవి. కొట్టివెయ్యాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ పిల్లకే ఫోనులో చెప్పాను, తప్పు నీది కాదమ్మా, నాదని. ఎందుకు తప్పయిందో అడిగింది. ఇటుకల సంగతి చెప్పాను. వచ్చి చూస్తానంది. పోయిన శనివారం వచ్చి, స్టూలెక్కి, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. "రెండే ఉన్నాయి," అంది, ఎవరూ అడక్కుండానే.

పలక మీద "ప్లాసిడియం" మీద అడ్డగీత గీసి, కింద "ఎండోకార్పన్" అని తనే రాసింది. పాతది చెరిపెయ్యొద్దని నేనే అన్నాను. ఆ రెండు పేర్ల కింద పిల్లలు మొదటి రోజే పెట్టుకున్న ఇంకో పేరు ఉంది: చింతగింజ పాచి. దాన్ని ఎవరూ దిద్దలేదు.

నమూనా ముక్క కాగితం పొట్లంలో ఉంది. తేదీ, చోటు, కొలతలు రాసి పెట్టాను. ఇంతకన్నా తెలిసినవాళ్ళు ఎప్పుడైనా చూసి నా రెండో పేరు కూడా తప్పంటే ఇక్కడే రాస్తాను.

మాస్టారు నిన్న మళ్ళీ ఫోను చేశారు. పోయినేడాది నేను రాసిన నల్లటి జెల్లీ లైకెన్ వ్యాసం మనవరాలి చేత మళ్ళీ చదివించుకున్నారట.

"దానికీ స్పోర్లు చూడలేదు కదూ?"

చూడలేదు. వచ్చే నెల ఆ సంగతి.